మైనం రాసిన వేళ్ళు

మా వదిన ఒకచోట కుదురుగా ఉండగా చూసినవాళ్ళు మా వీధిలో లేరు. కుట్టుమిషను ముందు కూర్చున్నా పాదాలు తొక్కుతూనే ఉంటాయి, మిషను మీద గుడ్డ లేకపోయినా సరే. భోజనం సగం నిలబడే చేస్తుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ వీధి చివరిదాకా వెళ్ళిపోతుంది, మిగతా మాట వినాలంటే మనం వెనకాల పరుగెత్తాలి. పెళ్ళి మాట ఎత్తిన ప్రతివాళ్ళకీ, "ఒకళ్ళ ఎదురుగా అంతంతసేపు కూర్చోవడం నా వల్ల కాదు" అని చెప్పి పంపేసి, చివరికి తమ్ముడి ఇంట్లో, అంటే మా ఇంట్లో, స్థిరపడింది. స్థిరపడింది అన్నది మాటవరసకే.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిణ్ణి మీరు అని పిలిచేదాన్ని. "మీరు అంటే నా వెనకాల ఇంకెవరో నిలబడ్డట్టుంది, తిరిగి చూసుకోవాల్సి వస్తోంది" అని తనే మాన్పించింది. అప్పట్నుంచీ నువ్వే. పెద్ద ఆడపడుచుని పట్టుకుని నువ్వు అంటావా అని మా అమ్మ నన్ను ఇప్పటికీ దెప్పుతుంది.

ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పే టీచరు ఆవిడ. వీధిలో అందరికీ మిషను టీచరమ్మ. బడి వదిలాక మా ఇంటి వరండాలో మిషను వేసుకుని నలుగురి బట్టలూ కుడుతుంది. వేళ్ళ నిండా సూది పోట్లే. వాటి కోసం సొంతంగా ఒక మందు చేసుకుంటుంది. దారానికి పట్టించే మైనం ఉంటుంది కదా, దాన్ని కరిగించి, నూనె కలిపి, అరచేతిలో పట్టేంత రేకు డబ్బాలో పోసి పెట్టుకుంటుంది. పోటు పడ్డ చోట కాస్త రాస్తే మంట తగ్గుతుంది, పగుళ్ళు మెత్తబడతాయి. ఆ డబ్బా ఎప్పుడూ ఆవిడ నడుము దగ్గర దోపి ఉంటుంది. మా కొంప మీదికి తెచ్చింది ఆ డబ్బాయే.

మా వీధి వెనకాల రాళ్ళు పాలిష్ చేసే షెడ్లున్నాయి. వీధి ఆడవాళ్ళలో సగం మందికి అక్కడే పని, నాకూ అక్కడే. రోజంతా తడి రాయి, రాతిపొడి కలిసిన నీళ్ళు. ఆ నీళ్ళు చేతుల్ని తినేస్తాయి. వేళ్ళ చివర్లు పగిలి, ఉప్పు తగిలినా ప్రాణం పోయినంత పని అవుతుంది. షెడ్ల నుంచి వచ్చే ఆ తెల్లనీళ్ళు మా కాలువలో పడతాయి, పొడి పేరుకుని కాలువ పూడుతుంది, వాన వస్తే అదంతా మా గుమ్మాల్లోకి వస్తుంది. మంచినీళ్ళ గొట్టం కూడా ఆ కాలువలోంచే పోతుంది కాబట్టి, కుళాయి తిప్పితే ఒక్కోసారి పాలు పట్టుకుంటున్నామా అనిపిస్తుంది.

మా వార్డు మెంబరు ఈ కాలువని చూసి వెళ్ళని సంవత్సరం లేదు. చూసి వెళ్ళడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ప్యాంటు రెండు మడతలు పైకి మడిచి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "అయ్యయ్యో, ఇలా ఉందా!" అని, మేమేదో ఇన్నాళ్ళూ ఆయన దగ్గర దాచినట్టు ఆశ్చర్యపోయి వెళ్ళేవాడు. షెడ్ల యజమానులు ఆయన మనుషులు. అది తెలియనిది ఆయన ఆశ్చర్యానికి ఒక్కదానికే.

ఈసారి ఎన్నికల్లో ఆయన మీద నర్సమ్మ నిలబడింది. వార్డు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసేది. రాళ్ళ కింద నలిగిన వేళ్ళకి మందులు రాసీ రాసీ, తెల్లనీళ్ళు తాగి కడుపునొప్పి తెచ్చుకున్న పిల్లల్ని చూసీ చూసీ విసిగిపోయి, ఉన్న ఉద్యోగం వదులుకుని మరీ నిలబడింది. ఉద్యోగంలో ఉంటే పోటీ చెయ్యకూడదట. మా వదినకీ ఆవిడకీ ఎన్నేళ్ళ స్నేహమో. రోజూ సాయంత్రం ఆవిడ మా వరండా మెట్టు మీద కూర్చునేది, ఈవిడ నిలబడి కబుర్లు చెప్పేది.

అలాంటిది, పోలింగుకి నాలుగు రోజుల ముందు మా వదినకి ఎన్నికల డ్యూటీ పడింది. మామూలుగా సొంత వార్డులో వెయ్యరు. రావాల్సిన ఆవిడకి నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయట, ఆఖరి నిమిషంలో వాళ్ళ చేతికి దొరికింది ఈవిడే. పోలింగు కూడా ఈవిడ బళ్ళోనే. చేతికి కాగితం అందిన సాయంత్రం నుంచి నర్సమ్మ ఇంటి వైపు వెళ్ళడం మానేసింది. నర్సమ్మ మెట్టు మీదికి వస్తే, "ఇవాళ్టి నుంచి నువ్వెవరో నేనెవరో. పోలింగు అయ్యాక రా" అని లోపలికి వచ్చేసింది. నర్సమ్మ నవ్వుకుంటూ వెళ్ళింది.

ఓటు వేసేవాళ్ళ వేలికి సిరా పెట్టడం ఈవిడ పని. అది గోరు మీదా చర్మం మీదా పడితే రోజుల తరబడి పోదు. జాబితాలో పేరు పక్కన టిక్కు పెడతారు కానీ, ఊళ్ళో లేనివాళ్ళ పేరు చెప్పుకుని ఇంకెవరో వస్తే టిక్కు ఏం చేస్తుంది? అక్కడ అడ్డుపడేది వేలి మీది సిరా ఒక్కటే. ఆ సంగతి మాకు ముందు రోజంతా చెప్పింది. నాకు చెప్పింది, మా ఆయనకి చెప్పింది, పాలు పోసే అతనికి చెప్పింది. చెబుతూ వీధి చివరికీ ఇంటికీ తిరిగింది.

ఆవిడ బెంగ ఇంకొకటి కూడా. పోయినసారి ఆ సిరా షెడ్డు ఆడవాళ్ళ పగుళ్ళలోకి దిగి మండిపోయింది. వీధిలో అందరూ పిన్ని అని పిలిచే ముసలావిడ ఒకావిడ ఉంది. అప్పుడు ఆ వేలు పట్టుకుని బడి మెట్ల మీదే ఏడ్చేసింది. "ఆ మంట నాకొద్దు, ఆ ఓటూ నాకొద్దు" అని ఈసారి ముందే చెప్పేసింది. ఆవిడతో పాటు ఇంకా చాలామంది అదే పాట.

"మంటకి భయపడి ఓటు మానేస్తారా?" అని మా వదిన అంటే,

"నువ్వు సిరా పెట్టేదానివి, పెట్టించుకునేది మేము" అంది పిన్ని.

ఆ మాట మా వదినని కుట్టింది. సూది చేత కుట్టించుకోవడం అలవాటే కానీ ఈ కుట్టు ఎక్కడో లోపల పడింది.

పోలింగు రోజు పొద్దున్నే నేను వరసలో నిలబడ్డాను. నా ముందు పిన్ని. మా వదినే తెల్లారకముందు వెళ్ళి బతిమాలి తీసుకొచ్చింది. లోపల ఆడపిల్లలు కుట్టు నేర్చుకునే గదే పోలింగు గది అయింది. గోడ మీద కాజాలు కుట్టే విధానం బొమ్మలు అలాగే ఉన్నాయి. సిరా సీసా ఒలక్కుండా ఇసుక పోసిన గిన్నెలో నిలబెట్టారు. దాని వెనక మా వదిన, కుర్చీ ఉన్నా నిలబడే ఉంది. పక్క బల్ల దగ్గర ఆ గదికంతటికీ అధికారి, కాలేజీలో పాఠాలు చెప్పే లెక్చరర్ గారు, కాగితాల్లో తల దూర్చి ఉన్నారు. గోడవార బెంచీ మీద రెండు పక్షాల ఏజెంట్లు.

పిన్ని చెయ్యి చాపినట్టే చాపి వెనక్కి లాక్కుంది. "వద్దులే అమ్మా, ఇంటికి పోతా."

"ఉండు పిన్నీ, ఉండు" అని మా వదిన నడుము దగ్గర్నుంచి డబ్బా తీసింది. పిన్ని వేలు పట్టుకుని, పగుళ్ళ మీద మైనం మందు మెత్తగా రాసి, గుడ్డతో అద్ది, దాని మీద సిరా గీసింది. పిన్ని కళ్ళు గట్టిగా మూసుకుంది. కాసేపటికి ఒక కన్ను తెరిచింది. "మండలేదే!" అంది.

గది గదంతా నవ్వింది. మెంబరు తరఫు ఏజెంటు కూడా, "టీచరమ్మా, నాకూ కాస్త రాయవా, ఈ వేలు రాత్రినుంచీ సలుపుతోంది" అన్నాడు. అతనికీ కాస్త రాసింది. లెక్చరర్ గారు తలెత్తి, "పని ఏదైనా మానవత్వం ఉండాలండీ" అని మళ్ళీ కాగితాల్లోకి వెళ్ళిపోయారు. నా వేలికీ రాసింది. సిరా నల్లగా, నిగనిగలాడుతూ పట్టినట్టే కనిపించింది. ఇంతమంది ఉన్నారు కదా ఆ గదిలో, చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ, ఇటువాళ్ళూ అటువాళ్ళూ. ఒక్కళ్ళకైనా తట్టాలా వద్దా? తట్టలేదు.

లోపల మందు రాస్తున్నారన్న మాట వీధంతా పాకింది. రానన్నవాళ్ళు వచ్చారు. షెడ్లో పని మధ్యలో తడి చేతులతో వచ్చారు. మధ్యాహ్నం నేను టిఫిను డబ్బా పట్టుకెళ్ళేసరికి వరస గేటు దాటి ఉంది. మా వదిన మొహం వెలిగిపోతోంది. సిరా పని పక్కావిడకి అప్పజెప్పి, వెనక వసారాలో నిలబడి నాలుగు ముద్దలు తిని, "చూశావా ఎంతమందో!" అని మళ్ళీ లోపలికి పరుగెత్తింది.

సాయంత్రానికి పెట్టెలు సీలు వేసి తీసుకెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్నే లెక్కింపు. నర్సమ్మ గెలుపు ఖాయమని వీధంతా అంటోంది. షెడ్డు ఆడవాళ్ళు ఇంతమంది కదిలింది ఎప్పుడూ లేదు. మా ఆయన సరుకులు మోసే ఆటో కడుక్కుంటూ ఈల వేస్తున్నాడు. నేను పెరట్లో గిన్నెలు తోముతున్నాను. మా వదిన నీళ్ళ గ్లాసు కోసం వచ్చి, నా చేతి వైపు చూసి ఆగింది.

"ఏదీ, నీ ఎడం చెయ్యి చూపించు."

"ఇదిగో."

"ఇది కాదే, ఎడం చెయ్యి."

"ఇదే ఎడం చెయ్యి వదినా. ఎప్పట్నుంచో ఇటువైపే ఉంది."

ఆవిడ నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని దీపం కిందకి లాక్కెళ్ళింది. వేలు తెల్లగా, కడిగిన ముత్యంలా ఉంది. గిన్నెలు తోమే పీచులో సన్నటి నల్లపొర ఒకటి, ఉల్లిపొరలాగా చిక్కుకుని ఉంది. అప్పటిదాకా నేను చూసుకోనే లేదు. ఆవిడ ఆ పొర తీసి అరచేతిలో పెట్టుకుంది. రెండో చేత్తో నడుము దగ్గర డబ్బా తడుముకుంది. వీధిలోకి నడిచింది. నేను తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వెనకాలే.

కొట్టు అతని వేలు చూసింది. అతనికి మందు రాయలేదు, సిరా గట్టిగా ఉంది. మా ఆయనదీ ఉంది. పిన్నిది చూసింది, లేదు. పక్కింటావిడది సగం ఉంది, ఈవిడ బొటనవేలితో రుద్దితే అదీ లేచొచ్చింది. ఎవరి వేలు పట్టుకున్నా వాళ్ళు, "మండలేదు టీచరమ్మా, నీ చెయ్యి చల్లన" అని దీవిస్తున్నారు. ఆవిడ అడుగుల వేగం పెరుగుతోంది. నాకు అప్పటికి అర్థమైంది.

చివరికి మా ఎదురింటి కోడలి దగ్గరికి వెళ్ళాం. షెడ్లో నా పక్కనే పనిచేసే పిల్ల, నవ్వు తప్ప ఇంకో మొహం తెలియదు దానికి. వేలు చూపించమంటే కళ్ళెగరేసి, మా వదినని తలుపు చాటుకి లాగింది.

"మధ్యాహ్నానికే పోయింది టీచరమ్మా. పోయింది కదా అని మా తోటికోడలి ఓటు కూడా వేసేసి వచ్చా! అది ఊళ్ళో లేదుగా. నువ్వు అన్నానికి లేచినప్పుడు వెళ్ళా. ఆ పక్కావిడకి నేనెవరో తెలీదు, ఏజెంట్లు తిండిగోలలో ఉన్నారు. నర్సమ్మకే వేశాలే, భయపడకు."

అది ఎంత సంతోషంగా చెప్పిందంటే, ఏదో బహుమానం దాచి తెచ్చి ఇస్తున్నట్టుంది. మా వదిన కాళ్ళు ఆగిపోయాయి. కాపురానికి వచ్చాక ఆ కాళ్ళు అలా ఆగడం నేను అదే చూడటం.

"నువ్వొక్కదానివేనా?" అంది.

"ఏమో మరి! ఇంకెవరికైనా తట్టిందో లేదో" అని నవ్వింది ఆ పిల్ల.

ఇంటికి రాగానే గొడవ మొదలైంది. మా ఆయన తలుపు దగ్గరగా వేశాడు. "అక్కా, రేపు పొద్దున లెక్కింపు. నర్సమ్మ గెలుస్తోంది. నువ్వు నోరు మూసుకుని పడుకో" అన్నాడు. నేను కూడా అదే అన్నాను, ఇంకా గట్టిగా అన్నాను. కుళాయిలో తెల్లనీళ్ళు పట్టుకునేది నేను, వాన వస్తే గుమ్మంలో బురద ఎత్తిపోసేది నేను. ఇన్నాళ్ళకి ఒక దారి కనిపిస్తే దానికి అడ్డం పడతానంటుందేం ఈవిడ?

మా వదిన వరండాలోకీ వంటింట్లోకీ తిరుగుతోంది. మిషను దగ్గర కూర్చుని నాలుగు తొక్కులు తొక్కి లేచింది. మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది.

"మెంబరు మనుషులు ఇలా వేశారని తెలిస్తే ఏం చేసేదానివి?" అని నన్నడిగింది.

"వీధిలో నిలబెట్టి కడిగేసేదాన్ని."

"మరి?"

"మరీ లేదు గిరీ లేదు. వాళ్ళు వేరు, మనం వేరు."

"సీసా నా చేతిలో పెట్టినప్పుడు మనం అని ఎవరూ చెప్పలేదే నాకు" అంది. "వాళ్ళ చేతులు మండుతాయని చూశాను. అంతే చూశాను. పిచ్చిదాన్ని. నూనె చేత్తో ముట్టుకున్న గుడ్డ మీద సుద్దముక్క గీతే నిలవదు, పిల్లలకి రోజూ చెప్తాను ఆ మాట. నాకే గుర్తు రాలేదు."

"పోనీ రేపు చూద్దాం. నర్సమ్మ బోలెడు తేడాతో గెలిస్తే ఒకటి రెండు ఓట్లు లెక్కలోకే రావు" అన్నాడు మా ఆయన.

"లెక్క తేలాక నోరు విప్పితే ఎవరి తరఫున విప్పావంటారు. చెప్తే ఇవాళే చెప్పాలి."

"నర్సమ్మకైనా ఒక్క మాట చెప్పి వెళ్ళు. ఉద్యోగం వదులుకుంది ఆ మనిషి" అన్నాను.

"అందుకే వెళ్ళను" అంది. నడుము దగ్గర్నుంచి డబ్బా లాగి, గుమ్మంలోంచి కాలువలోకి విసిరేసింది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు నాతో రావాలి. నీ వేలు చూపిస్తేనే వాళ్ళకి అర్థమవుతుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. రానని చెప్పి వంటింట్లోకి వెళ్ళాను. బయట ఆవిడ చెప్పులు వేసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆవిడ ఒక్కతీ వెళ్ళి ఆ ఆఫీసులో తడబడుతూ చెబుతూ ఉంటే, ఎవరూ నమ్మక, పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తుంటే ఎలా ఉంటుందో కళ్ళకి కట్టింది. తిట్టుకుంటూనే వెళ్ళి ఆటో ఎక్కాను. దారి పొడుగునా ఆవిడతో మాట్లాడలేదు.

మునిసిపల్ ఆఫీసులో పెట్టెలు తెచ్చినవాళ్ళతో హడావుడిగా ఉంది. లెక్చరర్ గారు అక్కడే ఉన్నారు. సంగతి వినగానే మొహం పాలిపోయింది. "అమ్మా, మీకు దణ్ణం పెడతాను. అంతా సవ్యంగా జరిగిందని ఇప్పుడే సంతకం పెట్టి ఇచ్చాను. ఇంటికి వెళ్ళండి" అన్నారు. పొద్దున్న మానవత్వం ఉండాలన్న మనిషే. పాపం, ఆయన్నీ అనడానికి లేదు, ఆయనకీ పిల్లలున్నారు.

మా వదిన ఆయన్ని దాటుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. అక్కడ పెద్ద ఆఫీసరు ఒకావిడ, చెప్పులు బల్ల కింద వదిలేసి, నుదురు నొక్కుకుంటూ కూర్చుని ఉంది. మా వదిన మొత్తం చెప్పింది. డబ్బా సంగతి, పిన్ని సంగతి, పీచులో పొర సంగతి. నేను చెయ్యి చాపాను. ఆవిడ నా వేలు తిప్పి తిప్పి చూసింది.

"సిరా పోయింది సరే. ఎవరైనా రెండోసారి వేశారా?"

"ఒకరు వేశారు. నాకు తెలిసి ఒకరు."

"పేరు?"

"చెప్పను మేడమ్."

"అమ్మా, అది నేరం. మీరు దాస్తే మీదీ నేరమే."

"ఆ వేలి మీద సిరా నిలబడి ఉంటే ఆ మనిషికి ఆ బుద్ధి పుట్టేదే కాదు. నిలబడకుండా చేసింది నేను. నా పేరు రాసుకోండి."

ఆవిడ నా వేలు వదిలేసి మళ్ళీ నుదురు నొక్కుకుంది. "మీరు చెప్పింది మంచిదైంది అనాలో, నా ప్రాణానికి ఎందుకు వచ్చారనాలో తెలీటం లేదు" అంది చివరికి. కాగితం ముందుకు లాక్కుంది.

ఆ రాత్రికే ఉత్తర్వు వచ్చింది. మా బూత్‌లో పోలింగు రద్దు, నాలుగు రోజుల్లో మళ్ళీ పెడతారు. అందాకా వార్డు మొత్తం లెక్కింపు ఆగింది. విచారణ అయ్యేదాకా మా వదిన బడికి రాకూడదు.

ఆ నాలుగు రోజులూ మమ్మల్ని పలకరించడానికి ఎవరూ రాలేదు. మెంబరు మైకు పెట్టిన బండి మా గుమ్మం ముందు ఆపి మరీ, నర్సమ్మ మనుషులు దొంగ ఓట్లు వేశారని అరిపించాడు. వీధిలో ఆడవాళ్ళు కుళాయి దగ్గర నన్ను చూసి బిందెలు పక్కకి జరుపుకున్నారు. కుట్టడానికి ఇచ్చిన బట్టల్ని కుట్టకుండానే వెనక్కి పట్టుకెళ్ళారు కొందరు. మా వదిన ఖాళీ మిషను తొక్కుతూ ఉండేది. చీకటి పడబోయే వేళ నర్సమ్మ ఉండే సందు మొదలుదాకా వెళ్ళేది, అక్కడ నిలబడి తిరిగి వచ్చేసేది. నాకు ఆవిడ మీద కోపం, ఆవిడని వెలేసిన వాళ్ళ మీద అంతకు రెట్టింపు కోపం. ఎవరి మీద చూపించాలో తెలియక గిన్నెల మీద చూపించాను. రెండు సొట్టలు పోయాయి.

రెండోసారి పోలింగు రోజున షెడ్లలో పని మధ్యలో వదల్లేదు. ఒకసారి వదిలాం కదా అన్నారు. పని ఎగ్గొట్టి వస్తే మళ్ళీ రానక్కర్లేదని కూడా అన్నారు. అయినా కొంతమంది వచ్చాం. వరసలో మా వదినకి ముందొక మనిషి పట్టేంత జాగా, వెనకొక మనిషి పట్టేంత జాగా. నేను వెనక జాగాలోకి జరిగి నిలబడ్డాను.

పిన్ని ముందుంది. సిరా సీసా దగ్గర ఎవరో కొత్త మనిషి, పొడిగుడ్డతో వేళ్ళు గట్టిగా తుడిచి మరీ గీస్తున్నాడు. పిన్ని చెయ్యి చూసి, "బాగా పగిలి ఉంది, మంట పుడుతుందేమోనమ్మా" అన్నాడు.

"పుట్టనీ. బాగా పట్టించు" అంది పిన్ని.

సిరా పడగానే ఒళ్ళంతా ముడుచుకుంది. మా వదిన వైపు చూడకుండా, వేలు ఊదుకుంటూ వెళ్ళిపోయింది. ఎదురింటి కోడలు కూడా వచ్చింది. ఆ రోజు దాని మొహంలో నవ్వు లేదు. ఒక్క ఓటు వేసి, తలొంచుకుని వెళ్ళింది. నా వంతు వచ్చినప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంట నిజంగానే అంత ఉంది.

నర్సమ్మ ఓడిపోయింది. పట్టుమని ఇరవై ఓట్లు లేవు తేడా. షెడ్లలోంచి రాలేకపోయినవాళ్ళని నేను లెక్కపెట్టుకోదలచుకోలేదు. లెక్కపెట్టకుండానే తెలుసు.

మెంబరు మర్నాడే వచ్చి కాలువ చూసి వెళ్ళాడు. అయ్యయ్యో అన్నాడు.

మా వదిన అన్నం మానలేదు, ఏడవలేదు. తిరగడం మాత్రం ఎక్కువైంది. పొద్దున లేస్తే వరండా, పెరడు, వీధి చివర, మళ్ళీ వరండా. "కూర్చో వదినా, నీకు పుణ్యముంటుంది" అంటే, "కూర్చుంటే ఎలా ఉంటుందో నీకేం తెలుసు" అంది. ఇన్నాళ్ళూ ఆ తిరుగుడుని వేళాకోళం చేసింది నేనే.

అలా ఎన్నాళ్ళో గడిచాక ఒక సాయంత్రం నర్సమ్మ వచ్చింది. వరండా మెట్టు మీద, తన పాత చోటులో కూర్చుంది. మా వదిన మిషను దగ్గరుంది. పాదాలు టకటకా తొక్కుతున్నాయి, సూది కింద గుడ్డ లేదు. నేను తలుపు దగ్గర నిలబడిపోయాను.

"నాకు కోపంగానే ఉంది టీచరక్కా" అంది నర్సమ్మ. "ఇంకా కొన్నాళ్ళుంటుంది. నన్ను బుజ్జగించకు."

"బుజ్జగించను."

"ఆ సాయంత్రం నా దగ్గరికి ఎందుకు రాలేదు? ఒక్క మాట చెప్పకూడదా?"

"వస్తే నువ్వు చెప్పొద్దంటావని."

నర్సమ్మ వీధిలో కాలువ వైపు చూస్తూ కూర్చుంది.

"అనేదాన్నే" అంది కాసేపటికి.

"నువ్వంటే నేను ఆగిపోయేదాన్ని."

"తెలుసు."

అప్పుడు చూశాను నర్సమ్మ చేతులు. ఇప్పుడు ఏదో ప్రైవేటు ఆసుపత్రిలో తక్కువ జీతానికి చేరింది. మందునీళ్ళతో గిన్నెలూ కత్తులూ కడిగీ కడిగీ, మా షెడ్డు చేతులకన్నా హీనంగా పగిలి ఉన్నాయి. ఆవిడ వాటిని ఒళ్ళో తిరగేసి చూసుకుని, "మైనం మందుందా?" అంది.

"పారేశాను."

నేను లోపలికి వెళ్ళి అటక మీద నుంచి డబ్బా తీసుకొచ్చాను. ఆవిడ విసిరేసిన మర్నాడు పొద్దున్నే కాలువ గట్టున ఇరుక్కుని ఉంటే తీసి కడిగి దాచాను. ఎందుకు దాచానో నన్నడక్కండి, మంచి డబ్బా కదా అనుకున్నాను. మా వదిన దాన్ని చూసి నా వైపు చూసింది. నర్సమ్మ మూత తీసి, మందు కాస్త తీసుకుని, కుడిచేతి వేళ్ళకి ఒక్కొక్కదానికీ పట్టించింది. తర్వాత ఎడంచేతికి మొదలుపెట్టింది. సిరా గీత ఉన్న వేలు దగ్గరికి వచ్చేసరికి ఆగింది. ఆ గీత ఇంకా చెక్కు చెదరలేదు, గోరు పొడుగునా నల్లగా ఉంది. ఆ పక్కనే చర్మం చీలి ఎర్రగా ఉంది.

"దానికీ రాయి, పుండవుతుంది" అంది మా వదిన.

"ఇది ఉండనీ" అంది నర్సమ్మ. ఆ వేలొక్కటీ వదిలేసి, మిగిలిన వేళ్ళకి రాసుకుంది.

నేను లోపలికి వెళ్ళి టీ పెట్టాను. నీళ్ళు మరిగే చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేం వినబడటం లేదు. మిషను తొక్కుడు ఆగిపోయిందని నాకు అప్పుడు తెలిసింది. గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి మా వదిన మెట్టు మీద నర్సమ్మ పక్కన కూర్చుని ఉంది.